పగడాల రేవు, రెండో భాగం

మొన్న విశాఖపట్నంలో విత్తనాల కంపెనీ వాళ్ళ మీటింగుకి వెళ్ళి చోడవరం మీదుగా ఇంటికి తిరిగొస్తూ, బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక నవల వింటున్నాను. చదువుతున్నవాడి గొంతు వెన్నపూసలా ఉంది. సబ్బవరం దాటాక ఎవరో పొలంలో చెరకు ఆకు తగలబెడుతున్నట్టున్నారు, కిటికీలోంచి ఆ పొగ వాసన గుప్పున కొట్టింది. సరిగ్గా అప్పుడే ఆ వెన్నపూస గొంతు, రాణీ నాగావళి అసలు చనిపోలేదనీ, ఇన్నాళ్ళూ జ్ఞాపకం పోగొట్టుకుని ఒక దీవిలో మునుల ఆశ్రమంలో పూలు కోసుకుంటూ ఉందనీ చెప్పింది. నేను ఇయర్‌ఫోన్లు పీకి ఒళ్ళో పడేశాను. పక్క సీటులో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చున్న ఆవిడ నా ముఖం చూసి, ఫోన్లో ఏదో చెడ్డ కబురు వచ్చిందనుకుంది. "ఏటైందమ్మా, ఎవలికైనా బాగోలేదా?" అని అడిగింది. ఏం లేదన్నాను. ఇరవై ఏళ్ళ కిందట చచ్చిపోయిన మనిషి బతికొచ్చిందని చెబితే ఆవిడ ఏమనుకుంటుంది?

ఆ నవల పేరు 'పగడాల రేవు'. నేను చదువుకునే రోజుల్లో మొదటి భాగం వచ్చింది. కళింగ తీరంలో ఒక రేవు పట్నం, దాన్ని ఒంటిచేత్తో ఏలే నాగావళి, ఓడల మీద దేశాలు తిరిగే విజయపాలుడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకున్నదానికంటే పోట్లాడుకున్నదే ఎక్కువ. ఆ పోట్లాటలే మాకు ప్రాణం. చివరికి విజయపాలుడి ఓడ వెళ్ళిపోతుంది, కోట గుమ్మం ముందు శత్రువులు, బురుజు మీద నాగావళి. అక్కడ ఆపేశాడు రచయిత. మేమందరం ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. రెండో భాగంలో మూడో అధ్యాయానికే ఆవిడని పాము చేత కరిపించి చంపేసి, మొదటి భాగంలో ఎక్కడా లేని చెల్లెల్ని తెచ్చి విజయపాలుడికి కట్టబెట్టాడు. ఇప్పుడు, ఇన్నేళ్ళ తరవాత, మూడో భాగంలో ఆ చచ్చినావిణ్ణి లేపాడు. నాకొచ్చిన కోపం నా ఒక్కదానిదే అయితే ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పుకుని నవ్వుకునేదాన్ని. కాని నేను వరహాలు పిన్నిగారి వంతు కోపం కూడా పడాలి. ఆవిడ ఇప్పుడు లేరు కాబట్టి.

డిగ్రీ అయిన ఏడాది నేను చోడవరంలో సన్యాసినాయుడుగారి ఎరువుల దుకాణంలో బిల్లులు రాయడానికి చేరాను. మాది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. పొద్దున్నే ఆటోలో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేదాన్ని. దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. పిల్లలు లేరు. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్య వరహాలుగారిని పిన్నిగారనీ పిలవడం మొదటివారంలోనే అలవాటైంది. బాబాయిగారు భారీ మనిషి. భుజం మీద తువ్వాలు, నోట్లో లవంగం. ఆయనకి ఊళ్ళో ఒక పేరుండేది: మొహమాటం లేకుండా చెప్తాడని. ఒకసారి ఒక రైతు చెరకు గడ చీల్చి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపలంతా ఎర్రగా, మధ్య మధ్య తెల్లటి మచ్చలు. ఆయన వాసన చూసి పక్కన పెట్టేశాడు. "ఇది ఎర్రకుళ్ళు. దీనికి మందు లేదు నాయనా. దుబ్బులు పీకి కాల్సీ. వచ్చే ఏడు ఆ మళ్ళో ఇంకేటైనా వేసుకో" అన్నాడు. రైతు ముఖం వేలాడేసుకుని ఎదురు కొట్టుకి వెళ్ళాడు. వాళ్ళు ఏదో సీసా ఇచ్చి పంపారు. ఆ మరుసటి ఏడు ఆ రైతు మళ్ళీ మా దుకాణం మెట్లే ఎక్కాడు. అలాంటి మనిషి బాబాయిగారు.

పిన్నిగారు చదువరి. పెళ్ళికి వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు నవలల పెట్టె ఒకటి తెచ్చుకున్నారట. అవన్నీ చారిత్రక ప్రేమకథలే. కత్తులూ, కోటలూ, మారువేషాలూ. ఎదురుగా ఎవరు కూర్చుని ఏం చెబుతున్నా ఆవిడ ఒక కన్ను పేజీ మీద ఉండేదని బాబాయిగారు నవ్వుతూ చెప్పేవాడు. నేను చేరేసరికి ఆ కళ్ళు పోయాయి. సుగర్ వ్యాధి ముందు ఒక కంటిని తిన్నది, ఏడాది తిరక్కుండా రెండోదాన్ని. విశాఖపట్నంలో ఆపరేషన్లు చేయించారు. వాపు తగ్గాలి, కొన్నాళ్ళు పడుతుంది, మెల్లిగా చూపు వస్తుందని డాక్టరుగారు చెప్పారని బాబాయిగారు ఆవిడతో అన్నాడు. అసలు డాక్టరుగారు చెప్పింది వేరు. ఒక మధ్యాహ్నం యూరియా బస్తాల వెనక నిలబడి ఆయన నాకు చెప్పాడు. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే, అంతకంటే రాదని. ఆవిడకి చెప్పవద్దని నా చేత మాట తీసుకున్నాడు. ఎర్రకుళ్ళుకి మందు లేదని మొహం మీద చెప్పే మనిషి కళ్ళలో ఆవేళ నీళ్ళు చూశాను.

ఆ అబద్ధం వల్ల ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకి కనబడేది కాదు. నేను రోజూ భోజనం క్యారియరు తెచ్చుకుని వాళ్ళ వసారాలో తినేదాన్ని కాబట్టి నాకు కనబడేది. పిన్నిగారు మంచం దిగేవారు కాదు. వంట మనిషి చేసేది. పెరట్లోకి రమ్మంటే, "కళ్ళొచ్చేక తిరుగుతాను లేయే" అనేవారు. తల దువ్వుకోవడం కూడా కళ్ళొచ్చేకే. పుట్టింటికి వెళ్ళడం, దుకాణంలోకి తొంగిచూడడం, గుడికి పోవడం, అన్నీ అప్పుడే. నవలల పెట్టెకి తాళం వేయించి తాళంచెవి దిండు కింద పెట్టుకున్నారు. బతుకంతా ఒక బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చునేవారు. ఆ బస్సు రాదని నాకూ బాబాయిగారికీ తెలుసు.

అలాంటి రోజుల్లో 'పగడాల రేవు' రెండో భాగం వచ్చింది. అనకాపల్లిలో కొని నేనే తెచ్చాను. పిన్నిగారు పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు అట్ట తడిమారు. బొమ్మ ఏమిటని అడిగారు. సముద్రం, ఓడ, బురుజు మీద ఒక ఆడమనిషి అని చెప్పాను. "ముఖం ఇటుందా అటుందా?" అన్నారు. అటు, సముద్రం వైపు అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. కళ్ళొచ్చేదాకా ఆగడం ఈ ఒక్కదానికి కుదరదన్నారు. మధ్యాహ్నం దుకాణం మూసే వేళ తాను చదివి వినిపిస్తానని బాబాయిగారు మాటిచ్చాడు. ఆయన అంతవరకు నవల పట్టిన మనిషి కాదు. మందు డబ్బా మీద జాగ్రత్తలు చదివినట్టు, ఆగి ఆగి, ప్రతి మాటా నొక్కి చదివేవాడు. విజయపాలుడి ప్రేమ మాటలు కూడా పిల్లలకు అందకుండా ఉంచవలెను అన్నట్టే వినిపించేవి. పిన్నిగారు ఓర్చుకున్నారు.

ఆయన చదివే పుస్తకాన్ని నేను సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళి పొద్దున్నకి తెచ్చేదాన్ని. అలా ఆయనకంటే ముందే పాము కాటు దగ్గరికి చేరాను. మర్నాడు ఆయన నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన బస్తా మీద కూలబడ్డాడు.

"మూడో సాప్టర్లోనా? మరి మిగతా పుస్తకమంతా ఏటి సేసేడు ఈడు?"

చెల్లెలి సంగతి చెప్పాను. వరహాలుకి ఇది చదవలేనన్నాడు. ఉన్న సంతోషం ఈ పుస్తకం ఒక్కటేనన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన ఆ పేజీలు తిప్పుతూనే, పాము వచ్చినమాట నిజమే కాని నాగావళి కత్తితో దాన్ని నరికేసిందని చదివాడు. నేను వసారాలో ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలా ఉండిపోయాను.

అక్కడి నుంచి మా ఇద్దరికీ రోజూ అదే పని. పొద్దున్న బేరాలు పల్చబడగానే ఆ రోజు కథ అల్లేవాళ్ళం. నేను ప్రేమ మాటలు చెప్పేదాన్ని, ఆయన మిగతావి. నాగావళి ఎవరి చేతా మోసపోకూడదు, ఎవరూ చావకూడదు, ఎవరూ ఏడవకూడదు అని ఆయన పట్టు. పోట్లాట పెడదామంటే ఒప్పుకునేవాడు కాదు. పిన్నిగారి మనసు కష్టపడుతుందట. కుట్ర చేసిన మంత్రి ఒక్క రోజులో రాణి కాళ్ళ మీద పడి ఏడ్చాడు. శత్రురాజు గుమ్మం దాకా వచ్చి, ఆవిడ మంచితనం విని వెనక్కి పోయాడు. నేను విసిగిపోయేదాన్ని. ఇలా అయితే ఇది కథ కాదు బాబాయిగారూ, పేరంటం అన్నాను ఒకరోజు. ఆయన వినలేదు. పైగా కథలో ఏమీ జరక్కపోతే ఆయనకి తెలిసిన విషయాలే వచ్చి పడేవి. నాగావళి రైతుల్ని పిలిచి నారుమళ్ళు ఎప్పుడు పోసుకోవాలో, ఎకరాకి ఎన్ని బళ్ళ పశువుల ఎరువు వేయాలో ఒక మధ్యాహ్నమంతా చెప్పింది.

ఇంత చేస్తే పిన్నిగారికి నచ్చిందా అంటే, లేదు. రోజూ చదవడం అయ్యాక ఆవిడ నిట్టూర్చేవారు. "ఈడు పాడైపోయేడు" అనేవారు రచయితని. మొదటి భాగం రాసినవాడు వీడు కాదనీ, ఎవరో కూలికి రాసి ఉంటారనీ అనేవారు. రాణి పొలం పనులు చెబుతుంటే ఓడవాడు ఎక్కడికి పోయాడని అడిగేవారు. బాబాయిగారు దుకాణంలోకి వచ్చి తువ్వాలు బల్ల మీద విసిరికొట్టేవాడు. ఎంత కష్టపడి తయారు చేస్తే ఒక్క మంచి మాట లేదని నా మీద విసుక్కునేవాడు. సొంత నవల ఎవరో తిట్టినట్టే ఉండేది ఆయన బాధ. ఒకరోజు పిన్నిగారు నాతోనే అన్నారు: "ముందు పార్టులో నాగావళి గుమ్మం దగ్గరకొచ్చిన ప్రతోడినీ నాలుగు ప్రశ్నలడిగేది. ఇందులో ఎవడేటి సెప్పినా నమ్మేస్తంది. ఇలాటి గుంట కోట ఎలా ఏలతాదే?" నేను తలవంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆ తరవాత కొద్దిరోజులకి బాబాయిగారు సరుకు కోసం అనకాపల్లి వెళ్ళాడు. మధ్యాహ్నం నేను వసారాలో చెయ్యి కడుక్కుంటుంటే పిన్నిగారు పిలిచారు. అల్మరాలోంచి పుస్తకం తీసి పక్కన కూర్చోమన్నారు.

"పాము వచ్చిన కాడ తియ్యి. ఉన్నది ఉన్నట్టు సదువు. ఒక్క మాట కలిపేవంటే నాకు తెలిసిపోద్ది."

నేను బాబాయిగారు వచ్చాక వింటారుగా అని గొణిగాను. ఆవిడ చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టారు. నేను చదివాను. పాము కరిచింది, వైద్యుడు ఆలస్యంగా వచ్చాడు, నాగావళి రెండు పేజీలు మాట్లాడి చనిపోయింది. చెల్లెలు పల్లకీ దిగింది. ఆవిడ ముఖం మారలేదు. చివరికి పెదవి విరిచారు. ఎన్ని యుద్ధాలు చేసినదాన్ని చంపడానికి వీడికి పామే దొరికిందా అన్నారు. చిరాకే తప్ప అందులో దుఃఖం లేదు. నేను ఊపిరి పీల్చుకుని పుస్తకం మూయబోయాను. అప్పుడు అడిగారు.

"పుస్తకంలో లేనిది సదివీ మనిషి, డాక్టరు సెప్పనిది సెప్పడా?"

ఆవిడ నా మోకాలి మీది చెయ్యి తీసేశారు. "నువ్వు సెప్పకు. సెప్పాల్సింది నువ్వు కాదు. ఆయనొచ్చేదాకా ఇక్కడే కూకో" అన్నారు.

బాబాయిగారు ఎండలో పడి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూనే నా చేతిలో పుస్తకం, మా ఇద్దరి వాలకం చూసి గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ గొంతు పెంచలేదు. డాక్టరుగారు ఏమన్నారో ఆయన మాటల్లోనే చెప్పమన్నారు. ఆయన మొదట వాపు సంగతే ఎత్తాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అప్పుడు చెప్పాడు, యూరియా బస్తాల వెనక నాకు చెప్పిన మాటలే.

"రైతులకి మందు లేదని మొకం మీద సెప్తారు కదా. నాకెందుకు సెప్పలేదు?" అన్నారు పిన్నిగారు.

"రైతుకి వచ్చే ఏడు ఉంటాది వరాలూ. మళ్ళీ పంటేసుకుంటాడు" అన్నాడాయన.

"నాకు లేదేటి వచ్చే ఏడు?"

నేను క్యారియరు తీసుకుని దుకాణంలోకి వచ్చేశాను.

కథల్లో అయితే ఆ మాటతో ఆవిడ లేచి నిలబడతారు. అలా జరగలేదు. చాలా రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు. మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. అన్నం దగ్గర కంచం తోసేశారు. బాబాయిగారు చిక్కిపోయాడు. దుకాణంలో ఒక రైతు అడిగిన మందు బదులు వేరేది ఇచ్చి, వాడు చూపించాక తల పట్టుకున్నాడు. చెప్పకుండా ఉంటేనే బాగుండేదని ఆయన అన్నప్పుడు నేనూ అవునేమో అనుకున్నాను. చూపు వస్తుందన్న ఆశతో ఆవిడ మంచం మీద కూర్చుంటే, రాదని తెలిసి అదే మంచం మీద పడుకున్నారు. తేడా ఏముంది?

తేడా మెల్లగా తెలిసింది. ఒక పొద్దున్న వంటింట్లో డబ్బాలు పడిన చప్పుడైతే పరుగెత్తాను. పిన్నిగారు నేల మీద కూర్చుని, ఒలికిన కందిపప్పు దోసిళ్ళతో ఎత్తుతున్నారు. వంట మనిషి మీద మండిపడుతున్నారు. డబ్బాలు ఇష్టమొచ్చిన చోట పెడితే తను ఎలా వెతుక్కోవాలని. ఆ రోజంతా నా చేత డబ్బాలు సర్దించారు. తరవాత చెయ్యి కాల్చుకున్నారు, నుదురు తలుపుకి కొట్టుకున్నారు, పెరట్లో పడ్డారు. ప్రతిసారీ ఎవర్నో ఒకర్ని తిట్టారు. వర్షాలు మొదలయ్యేసరికి దుకాణంలో బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చోవడం మొదలెట్టారు. గొంతుని బట్టి రైతుల్ని గుర్తుపట్టేవారు. ఎవరైనా జాలిగా మాట్లాడితే పంట ఎలా ఉందని అడిగేవారు. వాళ్ళ బాధ చెప్పుకోవడంలో పడి వాళ్ళు ఆవిడ కళ్ళ సంగతి మరిచిపోయేవారు. బాబాయిగారితో మాత్రం ఆవిడ వెంటనే రాజీ పడలేదు. ఆయన ఏం చెప్పినా, "ఇది పుస్తకంలో ఉందా, మీరు కలిపేరా?" అని అడిగేవారు. ఏడాది గడిచినా అడిగేవారు. ఆయన ఒక్కోసారి నవ్వేవాడు, ఒక్కోసారి లేచి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ రెండో భాగం మొదటి నుంచి చివరిదాకా చదవమని నన్ను అడిగారు. బాగోదు పిన్నిగారూ, ఎందుకు అన్నాను. "బాగోలేకపోతే బాగోలేదని నేను సెప్పాలి. నువ్వు సెప్పడమేటి?" అన్నారు. చదివాను. ఒక్క పేజీ సాఫీగా సాగనివ్వలేదు. చెల్లెలు నోరు తెరిస్తే ఆవిడ మూయించేవారు. విజయపాలుడు చెల్లెల్ని చూసి కరిగిపోయిన చోట, ఆ ఓడ మునిగిపోయినా బాగుండునన్నారు. బాబాయిగారు గుమ్మానికి ఆనుకుని వింటూ, తన నాగావళే నయమని, కనీసం పంట బాగా పండించిందని అన్నాడు. పిన్నిగారు నవ్వారు. కళ్ళు పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడడం అదే మొదలు. అంత చెడ్డ పుస్తకం చదువుతూ అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. చివరి పేజీ అయ్యాక ఆవిడ దిండు కింద నుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, పెట్టె తెరిచి నాకు కావలసినవి తీసుకోమన్నారు. పుస్తకాలు కళ్ళున్నవాళ్ళ చేతుల్లో ఉండాలన్నారు.

పెళ్ళయ్యాక నేను బుచ్చయ్యపేటలో చిన్న విత్తనాల దుకాణం పెట్టుకున్నాను. పిన్నిగారు పోయి కొన్నేళ్ళైంది, బాబాయిగారు ఆ వెనకే. ఆవిడ నాకు నేర్పింది హాయిగా ఉండే విద్య కాదు. నిజం చెబితే మనుషులు దండం పెట్టరు. కోప్పడతారు. దానికి సిద్ధపడే చెప్పాలి. పుట్టగానే నా నోట్లో బెల్లం ముక్క పెట్టడం మా వాళ్ళు మరిచిపోయారు, అందుకే తీపిగా మాట్లాడడం రాదంటాడు మా ఆయన.

పోయిన ఏడు మా అమ్మకి ఆయాసం వస్తుంటే విశాఖపట్నంలో పరీక్షలు చేయించాం. డాక్టరు నన్నూ అన్నయ్యనీ లోపలికి పిలిచి, గుండె బలహీనపడిందనీ, పొలం పని ఇక ఎప్పటికీ కుదరదనీ చెప్పాడు. అమ్మ మా చెరకు మడిలో దిగని రోజు లేదు. బయటికి రాగానే అన్నయ్య, రెండు నెలలు విశ్రాంతి అని చెబుదాం, తరవాత మెల్లిగా అదే అలవాటవుతుందన్నాడు. వాడిది ప్రేమే. నాకు తెలుసు, అలాంటి ప్రేమని దగ్గర నుంచి చూశాను. నేను వెళ్ళి బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని, డాక్టరు అన్న మాట అన్నట్టే చెప్పాను. అమ్మ నా వైపు చూడలేదు. అన్నయ్య నన్ను కొట్టేలా చూశాడు. చోడవరంలో టీ తాగమంటే అమ్మ తల తిప్పుకుంది. బుచ్చయ్యపేట ఆటోలో ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుని, ఈ పని నాకెందుకని నన్ను నేనే తిట్టుకున్నాను. పిన్నిగారిని కూడా తిట్టుకున్నాను.

ఊరి మొగలో ఆటో దిగాం. మా మడి అక్కడి నుంచి కనిపిస్తుంది. చెరకు నడుమెత్తు ఎదిగి ఉంది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని కాసేపు అటే చూసింది. తరవాత నా వైపు తిరిగింది. ముఖం నిండా విసుగు.

"మీ సిన్నాన్న కొడుకు నిన్ననే వొచ్చి మడి కౌలుకడిగేడు. లేదని తోలీసేను. ఈ మాట నిన్నే సెప్పొద్దేటి?"

నిన్న నాకు మాత్రం ఎలా తెలుస్తుందన్నాను. అమ్మ వినిపించుకోలేదు. ఇంటి వైపు కాకుండా చిన్నాన్న ఇంటి వైపు నడిచింది. నేను ఆవిడ చేతిలో మందుల సంచి అందుకుని, ఆవిడ నడకకి సరిపడా మెల్లిగా వెనకాలే వెళ్ళాను.